పదహారో నంబరు మీద పట్టుచీర అంచు

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అంతకుముందు నాకు తెలిసినవి అంకెలొక్కటే, అవీ నూలు కట్టల మీద చూసి నేర్చినవి. ఫోటో తీయడానికి చివరికి ఆ అంకెలే అక్కరకొచ్చాయి.

ధర్మవరంలో ఇప్పుడు చీర నేస్తే సగం పనే అయినట్టు. దాన్ని ఫోటో తీసి పంపడం మిగతా సగం. హిందూపురం షావుకారికి హంసల అంచు చీర ఒకటి ఫోన్‌తో తీసి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమప్పా, అంచు నేసేటప్పుడు కండ్లు మూసుకుంటివా? పోగులన్నీ ఊగులాడినట్ల ఉండాయి. పెండ్లోళ్ళు శనివారం వస్తారు. ఆ లోపల సరిగ్గా చూపిస్తే సరి, లేకుంటే ఈ చీర నాకొద్దు."

చీరనూ ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూశాను. అంచులో ఏ తప్పూ లేదు. ఫోటోలో ఒక్క హంస మాత్రం స్పష్టంగా ఉంది, దాని ముందువీ వెనకవీ మంచులో మునిగినట్టున్నాయి. చీరను నేరుగా పైనుంచి తీస్తే హంసలన్నీ ఒకే దూరంలో ఉంటాయి కదా అంటారు. జరీ పక్కవాటుగా చూస్తేనే మెరుస్తుంది. నేరుగా తీస్తే ఇత్తడి రేకులా ఉంటుంది.

పెనుకొండలో స్టూడియో నడిపే స్నేహితుడి దగ్గరికి బస్సెక్కి పోయాను. అతను దగ్గరి వస్తువులు తీసే లెన్సు ఒకటి బయటికి తీసి, దాని మీద అంకెలున్న రింగు తిప్పి చూపించాడు.

"లోపల రంధ్రం చూడు. నంబరు పెరిగేకొద్దీ అది చిన్నదవుతాది. అది చిన్నదయ్యేకొద్దీ ముందూ వెనకా ఎక్కువ దూరం స్పష్టంగా పడతాది. డిగ్రీ చదివినోళ్ళకే ఇది తలకెక్కదు. నీకెట్ల చెప్పేదప్పా?"

"చెప్పేదేముండాది? నలభై నంబరు నూలు లావు, ఎనభై నంబరు సన్నం. అంతే కదా?"

అతను నుదురు కొట్టుకున్నాడు. "ఇన్నేండ్లుగా చెప్తాండా, ఈ ముక్క నాకు తట్టనే ల్యా," అని కెమెరా, లెన్సు, స్టాండు అన్నీ నా సంచిలో పెట్టాడు.

తెలిసిపోయిందన్న పొగరుతో ఇంటికి రాగానే రింగును చివరిదాకా, ఇరవై రెండుకు తిప్పాను. రంధ్రం అంత సన్నమైతే వెలుతురు చాలదు, కెమెరా రెండు సెకన్లు కన్ను తెరుచుకునే ఉండాలి. ఫోటో వచ్చింది. ఒక్క హంస కూడా తిన్నగా లేదు! స్నేహితుణ్ణి నాలుగు తిట్టి ఫోన్ చేశాను.

"చివరి నంబరొద్దు, కొంచెం మెత్తగా వస్తాది. పదహారు పెట్టు. స్టాండు కదుల్తాందేమో చూడు."

స్టాండు మీద చెయ్యి పెట్టి చూశాను. టక్కు టక్కుమని అదురుతోంది. పక్కగదిలో మా ఆవిడ నేస్తోంది. మగ్గం దెబ్బ దెబ్బకూ నేల కదులుతోంది.

"ఏమే, మగ్గం ఆపు!"

"నీ ఫోటో కోసరం నేను పని మానుకోవాల్నా?"

"రెండే రెండు సెకన్లు."

"పెండ్లయినప్పట్నించీ ఇదే మొదటిసారి నన్ను కూచోమంటాండేది. అదీ రెండు సెకన్లు!"

అన్నా గానీ ఆపింది. పదహారు మీద తీశాను. మొదటి హంస ముక్కు నుంచి చివరి హంస తోక దాకా పోగు పోగూ కనబడింది. ఫోన్లోకి ఎక్కించి శుక్రవారం పొద్దున్నే పంపాను.

షావుకారు ఫోన్ చేశాడు. "అంచు బాగుండాదప్పా, ఏ తప్పూ ల్యా. కానీ మూడో హంస మెడ మీద ఆ తెల్లపోగేంది? యాడన్నా తెగిందా?"

అద్దాలు పెట్టుకుని చీర దగ్గరికి వంగి చూశాను.

"అది పోగు కాదు సామీ, మా ఇంటామె వెంటిక."

అవతల ఒకటే నవ్వు. "సరే, వెంటిక ఆడనే పెట్టుకో. చీర పంపు."

మగ్గం దగ్గర్నుంచి మా ఆవిడ అంతా వింటూనే ఉంది. "నీ పోగు సన్నమా, నా వెంటిక సన్నమా, అది అడగకపోతివే ఆయన్ని?" అంది.

చీర మడత పెట్టేటప్పుడు వెంట్రుక తీసి పోగు పక్కన పెట్టి చూశాను. ఆమెదే సన్నం. ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెబితే ఆ పొగరుతో ఇంకోసారి మగ్గం ఆపదు.