పసుపంటిన కార్డు

నా భార్య సుధారాణి వెలుగును చదివే ఉద్యోగం చేస్తుంది. ఈ మాట ఎవరితో అన్నా "కరెంటు ఆఫీసులోనా?" అని అడుగుతారు. కాదు. యురేనియం పొడిని బిళ్ళలుగా నొక్కి, గొట్టాల్లో నింపి, అణు విద్యుత్ కేంద్రాలకు పంపే ఇంధన కర్మాగారం ఒకటి కొండల అవతల ఉంది. అందులో పనిచేసే ప్రతి మనిషీ గుండెల మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా తగిలించుకుంటాడు. డబ్బాలో కాగితం చుట్టిన రేకు కార్డు, దాని మీద మూడు తెల్లటి చుక్కలు ఉంటాయి. మనిషికి ఎంత రేడియేషన్ తగిలితే ఆ చుక్కలకూ అంతే తగులుతుంది.

మూడు నెలలకోసారి ఆ కార్డులన్నీ మదనపల్లెలో సుధ పనిచేసే లేబొరేటరీకి వస్తాయి. ఆమె వాటిని యంత్రంలో పెట్టి వేడిచేస్తుంది. అన్నాళ్లూ దాచుకున్నదాన్ని ఆ చుక్కలు ఒక్కసారిగా వెలుగుగా విడిచిపెడతాయి. ఆ వెలుగు మన కంటికి ఆనదు. యంత్రం దాన్ని పట్టుకుని అంకెగా చెబుతుంది. అంకె చెప్పేశాక కార్డు అంతా మరిచిపోతుంది.

"మరిచిపోయే ముందర ఒక్క తూరి మెరుస్తాది సూడు, కండ్లు మూసుకుంటే నాకు కనిపిస్తాదప్పా," అంటుంది సుధ. పెళ్ళైన కొత్తలో ఈమెకేదైనా గాలి సోకిందేమోనని భయపడ్డాను. తర్వాత అలవాటైపోయింది.

నాది బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు. నా పని చేతులకు అంటుకుంటుంది, కడిగితే పోతుంది. ఈమె పని కలల్లోకి వస్తుంది. మేడ మీద మిరపకాయలు ఆరబోస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. హార్స్లీ హిల్స్ మీదికి మబ్బు దిగుతుంటే అటే చూస్తూ, "ఆ నూటపదకొండో కార్డాయన్ను మిషను కాడనుంచి మార్చినట్టుండారు, అంకె తగ్గిండాది," అని సంతోషపడుతుంది. ఆ నూటపదకొండో ఆయన నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో ఆమెకు తెలియదు. అయినా పేరుపేరుకూ మనసులో ఒక ఇల్లు కట్టి, వాకిట్లో మంచం వేసి పెట్టుకుని ఉంటుంది. మా ఇంట్లో కాఫీ చల్లారిపోయేది ఆ వాకిళ్ల వల్లే.

పోయిన అక్టోబరులో ఒక కార్డు మీది కాగితం విప్పితే లోపల పసుపు కనిపించింది. పేరు మునిచంద్ర, ఊరు శాంతిపురం దగ్గర పల్లె. అతనితో పాటు అదే గదిలో పనిచేసిన పదకొండు మంది కార్డుల్లోనూ అంకెలు వచ్చాయి. ఇతని కార్డులో మాత్రం దాదాపు సున్నా.

"సున్నా వస్తే మంచిదే గదా," అన్నాను.

"పదకొండు మంది తడిసినారు. ఈయప్ప ఒక్కడే పొడిగా ఉండాడంటే వానలో లేడని గదా అర్థం. మనిషి లేకుండా పోలేదు, హాజరు ఉండాది. కార్డే ఆడ లేదు." మళ్ళీ తనే అంది. "వట్టి సున్నా గూడా కాదప్పా. బండరాళ్ల ఇంట్లో పెట్టినంత ఉండాది."

సుధ పుట్టిల్లు పుంగనూరు పక్కన పల్లె. గోడలూ కప్పూ అంతా రాతిబండలే. రాయిలో కూడా రవ్వంత రేడియేషన్ ఉంటుందట. ఆ రవ్వంతను ఆమె చిన్ననాటి వాసన గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది.

లేబొరేటరీ మేనేజరు మంచి దారే చూపించాడు. తడిసి పాడైందని రాసేయమన్నాడు. అలా రాస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నిజం రాస్తే విచారణ జరుగుతుంది. కార్డు పెట్టుకోని మనిషిని పనిలో పెట్టిన కాంట్రాక్టరే ఇంటికి పంపేస్తాడు. కానీ పాడైందని రాస్తే, మునిచంద్ర ఒంట్లోకి ఆ మూడు నెలల్లో ఏం పోయిందో ఎవరూ వెతకరు. సుధ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆదివారం పొద్దున్నే, అతను సెలవులో ఊళ్లోనే ఉన్నాడని తెలుసుకుని, "బండి తీయప్పా, పోయొద్దాం," అంది.

తుంపర పడుతోంది. పుంగనూరు దాటాక రోడ్డు పొగమంచులోకి దిగిపోయింది. చింతచెట్లు దగ్గరికొచ్చేదాకా కనిపించకుండా, కనిపించగానే వెనక్కిపోతున్నాయి. వెనక సీట్లో సుధ నిద్రపోయిందనుకున్నాను.

"ఏడాదికి రెండు తూర్లు ఫ్యాక్టరీలో పాఠం సెప్తాను గదా," అంది నా వీపుతో. "పోయిన తూరి వాళ్లు బాగా భయపడినారు. మాకేమన్నా అవుతాదా మేడమ్ అని ఒకాయన ఏడుపు మొగంతో అడిగినాడు. అన్నాల టైమైపోతాండాది. డబ్బా సూపించి, ఇది ఒంటిమీద ఉంటే మీకేం కాదు అని సెప్పేసినాను."

"అంతేనా? నేనూ రోజూ రైతులకు అదే చెప్తాను. ఇంకేం కాదు, తీసకపో అంటాను."

"నీ మోటారు కాలితే మళ్ళీ సుట్టిస్తావు. మనిషిని యాడ సుట్టేది?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా మాట మీదే. శాంతిపురం వచ్చేదాకా బండి కొంచెం వేగంగానే తోలాను.

ఆమె అనుకున్నట్టే రాతిబండల ఇల్లు. ముందు అరుగు, అరుగు మీద మునిచంద్ర భార్య సరళ, ఒళ్లో రెండేళ్ల పిల్ల రేవతి. మునిచంద్ర కుప్పం వెళ్లాడట. పిల్ల మెడలో నల్లదారం, దారానికి వసకొమ్ము పూసలు, వాటి నడుమ కాగితం చుట్టిన కార్డు వేలాడుతున్నాయి. అది అక్టోబరులో ఇచ్చిన కొత్త కార్డు. పసుపు రాసి, బొట్టు కూడా పెట్టారు.

పేరు చెప్పగానే సరళ గబగబా లేచింది. "మీరేనా సుధారాణి మేడమ్? రాండమ్మా, లోపలికి రాండి. మీ మాటే సెప్తాంటాడు మా ఇంటాయన. పాపకు ఫిట్సు వచ్చి శానా అల్లాడినామమ్మా. ఇది ఒంటిమింద ఉంటే ఏం కాదని మీరే సెప్పినారంట గదా. ఇది కట్టినాక మూడు నెల్లుగా ఒక్క తూరి గూడా రాలే." అంటూనే వంగి సుధ కాళ్లు పట్టుకోబోయింది.

సుధ వెనక్కి జరిగింది. సంచిలోంచి రేడియేషన్ కొలిచే లేబొరేటరీ మీటరు తీసి పిల్ల మెడకూ చేతులకూ దగ్గరగా తిప్పింది. ఫ్యాక్టరీ పొడి ఏమైనా అంటుకుని వచ్చిందేమోనని ఆమె భయం. అది టిక్, టిక్ అని నిదానంగా చప్పుడు చేసింది. అరుగు మీద పెట్టినా అంతే చప్పుడు. రాతి చప్పుడే తప్ప మరేమీ లేదు. పిల్ల నవ్వి ఆ మీటరును అందుకోబోయింది. 

అదే సమయానికి మునిచంద్ర కుప్పం నుంచి పిల్ల మందుల కవరుతో వచ్చాడు. సుధను చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కముందే చెప్పేశాడు. గేటు కాడ డబ్బా ఉందో లేదో చూస్తారు కానీ లోపల కార్డుందో లేదో చూడరట. కార్డు తీసి పిల్లకు కట్టి, తను ఉత్త డబ్బా పెట్టుకుని పనిచేశాడు. "నాకంటే దానికే ఎక్కువ అవసరం గదమ్మా," అన్నాడు.

సుధ అరుగు మీద కూర్చుంది. "మునిచంద్రా, సరళమ్మా, నేను మీకు తప్పు సెప్పినాను. ఇది ఎవురినీ కాపాడదు. ఒంటికి ఎంత తగిలిందో గుర్తు పెట్టుకుంటాది, అంతే. పాపను కాపాడతాండేది ఆ కుప్పం డాక్టరు మందులు. అవి మానొద్దండి."

సరళకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పిల్ల మెడలోని కార్డును వేళ్లతో తిప్పి తిప్పి చూసింది. తర్వాత భర్త చొక్కా మీద గుండెల దగ్గర చెయ్యి పెట్టింది.

"అట్లయితే ఈ మూడు నెల్లు ఈయప్పను ఎవురమ్మా సూసుకున్నేది?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. సుధ కంటి నీళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు. "ఎవురూ సూసుకోలేదమ్మా," అంది. "నేను సూడాల్సింది."

సరళ దారం తెంపలేదు. పిల్లను ఒళ్లో పడుకోబెట్టి ముడి నిదానంగా విప్పి, కార్డు తీసి, కొంగుతో పసుపు తుడిచి సుధ చేతిలో పెట్టింది.

సోమవారం సుధ ఉన్నదున్నట్టు రాసింది. కార్డును మనిషి పెట్టుకోలేదని, గేటు దగ్గర డబ్బా విప్పి చూడలేదని రాసి, మొదటి తప్పు శిక్షణలో తాను చెప్పిన మాటదని కింద సంతకం పెట్టింది. మేనేజరు తల పట్టుకున్నాడు. నేనూ ఇంట్లో గొంతు పెంచాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగాన్ని ఒక్క వాక్యంతో నీళ్లలో వదిలేస్తావా అని అరిచాను. ఆమె మిరపకాయలు తిరగేస్తూ ఉండిపోయింది. అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఫ్యాక్టరీ డాక్టర్లు మునిచంద్రకు పరీక్షలు చేశారు. భయపడాల్సిందేమీ లేదన్నారు. తోటివాళ్ల అంకెలను బట్టి ఆ మూడు నెలలకు అతని లెక్క కూడా రాశారు. తప్పు నేర్పినవాళ్లదని కాగితం మీద ఉండేసరికి కాంట్రాక్టరు అతన్ని పంపించలేకపోయాడు. ఇప్పుడు గేటు దగ్గర ప్రతి డబ్బా విప్పి చూస్తారు. సుధ పాఠాలు మాత్రం ఏడాది పాటు ఆపేశారు.

పాఠం లేకపోయినా ఆమె సాధన మానలేదు. మేడ మీద, మబ్బు వైపు తిరిగి, ఎవరూ లేని తరగతికి చెబుతుంది. "ఇది మిమ్మల్ని కాపాడదు. కానీ దీన్ని తీసేస్తే మీరు నాకు కనపడరు." నేను మెట్ల మీద నిలబడి వింటాను. షాపులో "ఇంకేం కాదు" అనడం తగ్గించాను.

జనవరిలో మళ్ళీ కార్డులు వచ్చాయి. ఆ సాయంత్రం సుధ ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూర్చుంది. మునిచంద్ర కార్డు చదివిందట. పసుపు లేదు, ఏమీ లేదు. అంకె మాత్రం తోటి పదకొండు మందికీ వచ్చినట్టే వచ్చింది. అది చెబుతూ ఏడ్చింది. సంతోషమా అని అడిగాను. ఒక మనిషికి ఇంత తగిలిందని తెలిస్తే సంతోషం ఎట్లా అవుతుందని నన్నే తిట్టింది. మరి ఎందుకు ఏడుస్తున్నావన్నాను.

"ఈ తూరి సున్నా రాలేదప్పా," అంది. "మనిషి కనిపించినాడు."