పక్కింట్లో పెట్టిన సంచి

మా బాపుకు వారంలో రెండు పూటలు దవాఖానవి. సోమవారం, గురువారం పొద్దున ఆరింటికి జనగామలో డయాలసిస్ మంచం ఎక్కుతాడు, పదింటికి దిగుతాడు. మిగతా వారంలో మాకు దొరికే పెద్ద సందు గురువారం పదింటి నుంచి సోమవారం తెల్లారేదాకా. ఆ సందులోనే మేము మధ్యప్రదేశ్ పోయి రావాలి.

ఎందుకంటే బాపు మాటిచ్చాడు. ఇరవై ఏళ్ళ కింద ఆయన లారీ నడిపేటప్పుడు, జబల్‌పూర్ ఇంకా కొంతదూరం ఉందనగా, చలికాలం పొగమంచులో ఆగి ఉన్న బండిని గుద్దాడు. కాలు విరిగింది. రోడ్డు పక్కన ధాబా నడిపే ఒకామె ఆయన్ను పదకొండు రోజులు వెనక గదిలో పడుకోబెట్టి సాకింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. నీ ఇంటిదాన్ని ఒకసారి తీసుకొచ్చి చూపించు అని. తెస్తానన్నాడు. ఆ తర్వాత ఆ దారిన ఎన్నిసార్లు పోయాడో ఆయనకే లెక్క లేదు, అమ్మను మాత్రం తీసుకుపోలేదు. అడిగితే "మళ్ళ ట్రిప్పుకు" అనేవాడు. మళ్ళ ట్రిప్పు, మళ్ళ ట్రిప్పు అంటుంటేనే కిడ్నీలు పోయాయి.

అమ్మకు ఆ ధాబా అవ్వ ఊసెత్తితే మూతి మూడు వంకర్లు పోయేది. పదకొండు రోజులు మనిషి జాడ లేక తాను ఇక్కడ బొట్టు తుడుచుకోవాలో ఉంచుకోవాలో తెలియక ఏడ్చింది మరి. ఫోన్లు ఇంటింటికీ లేని రోజులు. తిరిగొచ్చిన మొగుడు, ఎవరో ఆడమనిషి దగ్గర మంచిగున్నానని చెప్తే ఎవరికి మండదు. కానీ పోయిన చలికాలం బాపు మంచంలో కూచుని, "ఆమెకు నాకన్న పదేండ్లు ఎక్కువనే ఉంటది. నేనైనా పోత, ఆమెనైనా పోతది. మాట అట్లనే మిగుల్తది" అన్నాక అమ్మ పెట్టె తీసి, ఆమెకు పెట్టడానికి ఒక ఎర్రంచు చీర పక్కన పెట్టింది.

డాక్టర్‌ను అడిగితే ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, చివరికి రెండు షరతులు పెట్టాడు. రోజుకు ఆరు గంటలకు మించి బండిలో కూచోబెట్టద్దు. రిపోర్టుల ఫైలు లేకుండా ఊరు దాటద్దు. దారిలో ఊపిరి ఆడకపోతే ఆ కాగితాలు చూడకుండా ఏ దవాఖానా ముట్టుకోదట. సరేనని నేనూ బాపూ కాగితం ముందు పెట్టుకున్నాం. గురువారం ఆరు గంటలు, శుక్రవారం ఆరు గంటలు: చేరతాం. రాత్రి అక్కడ పడుకుంటాం. శనివారం ఆరు, ఆదివారం ఆరు: ఇంట్లో పడతాం. నాలుగు ఆర్లు. అందులో ఒక్కటి తప్పినా ప్రయాణమే లేదు. బాపు మాత్రం ఏ ఊళ్ళో చాయ్ బాగుంటుందో, ఎక్కడ పంక్చర్ దుకాణం ఉంటుందో రాయిస్తున్నాడు. ఇరవై ఏళ్ళ కిందటి చాయ్. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే విన్నాడా.

నాది భూపాలపల్లిలో బడి పంతులమ్మ కొలువు. మూడు రోజుల సెలవు కోసం హెడ్మాస్టరు ముందు నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను, రాస్తే మళ్ళీ సెలవు ఇవ్వడు. తమ్ముడిది మహబూబాబాద్‌లో కిరాయి కారు. మాఘం వస్తే పెళ్ళిళ్ళు, కారు మా చేతికి రాదు. పుష్యంలో ముహూర్తాలుండవు కాబట్టి ఖాళీ. అందుకని అందరం పుష్యమాసం మొదటి గురువారానికి ఒప్పుకున్నాం. అమ్మ ఒప్పుకోలేదు.

"సూన్యమాసంల రోగం మనిషిని తీస్కొని గడప దాటుతరా?"

పంతులు దగ్గరికి పోయి దానికీ దారి కనుక్కొచ్చింది. ప్రస్థానం పెడితే సరిపోతుందట. మా దిక్కు తెలిసిన ఆచారమే. పోయేనాడు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియ చూసి, పోయేవాళ్ళ బట్టల సంచిని పక్కింట్లో పెడతారు. సంచి గడప దాటిందంటే మనుషులూ ప్రయాణమైపోయినట్టే లెక్క. ఎవరి బట్ట ఆ సంచిలో ఉంటుందో వాళ్ళు బయలుదేరినట్టు. ఒక్కటే నియమం, ఆ సంచి మళ్ళీ ఇంట్లోకి రావద్దు. పక్కింటి నుంచే బండెక్కాలి.

నెల మారకముందే, సోమవారం సాయంత్రం అమ్మ సంచి కట్టి పక్కింటి అత్తకు ఇచ్చి వచ్చింది. నేనప్పుడు భూపాలపల్లిలో ఉన్నాను. బుధవారం రాత్రికి జనగామ చేరాను.

గురువారం పదింటికి బాపును దవాఖాన నుంచి తీసుకొచ్చి, తమ్ముడికి ఫోన్ చేశాను. నెల్లికుదురు దాటుతున్నానన్నాడు. ఫైలు నా చేతిసంచిలో పెట్టుకుందామని అలమారా తీశాను. లేదు. బియ్యం డబ్బా వెనక చూశాను, దేవుడి గూట్లో చూశాను. అప్పుడు అమ్మ, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "గా ఫైలు సంచిల వెట్టిన" అంది.

"ఏ సంచిల?"

"పస్తానం సంచిల. ఈ పయనమంత ఆయన పానం కోసమే గదా. ఆయన పానమంత ఆ కాగితాలల్లనే ఉన్నదని డాక్టర్ జెప్పె. అంగీలతోని అవ్వి గూడ ముందుగాల గడప దాటాలె గదా అని వెట్టిన."

పక్కింటికి పరుగెత్తాను. గొళ్ళేనికి నా పిడికిలంత తాళం. నిన్న మధ్యాహ్నం బిడ్డకు కాన్పు నొప్పులు మొదలయ్యాయని ఫోనొస్తే అత్త ఉన్నపళంగా గార్ల పోయిందట. అమ్మకు చెప్పే పోయింది. ఆ హడావుడిలో ఇద్దరికీ సంచి గుర్తు రాలేదు.

ఫోన్ చేస్తే అత్త, "అయ్యో బిడ్డా, తాళంచెవి నా కొంగుకే ఉన్నది. పలగ్గొట్టుండ్రి, ఏం గాదు" అంది. నేను సుత్తె పట్టుకున్నాను. అమ్మ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆమె బిడ్డ నొప్పులు వడ్తాంటే ఆమె ఇంటి తాళం పలగ్గొడ్తవా? రేపు అటో ఇటో అయితే ఆ పాపం ఎవలు మోస్తరు?"

"ఆమెనే పలగ్గొట్టుమన్నది గదనే."

"ఆమె అంటది. నేను ఆమె జాగల ఉంటె నేను గూడ అంట. అంతమాత్రాన కొడ్తమా?"

నేను అమ్మను అనరాని మాటలన్నాను. నీ ఆచారాలే ఆయన్ను చంపుతాయన్నాను. మా తలుపు తీసే ఉంది, లోపల బాపు మంచం మీద గోడకు ఆనుకుని అంతా వింటున్నాడు. తలగడ కింద నుంచి మేము రాసుకున్న కాగితం తీసి చూసుకున్నాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు. అది చూసి నాకు సుత్తె అక్కడే పడేసి భోరున ఏడవాలనిపించింది.

తమ్ముడికి చెప్తే కారు వెనక్కి తిప్పాడు. గార్ల పోయి తాళంచెవి తెచ్చినా రెండు, రెండున్నర లోపు వస్తే దారి పట్టొచ్చు. ఆరు గంటలు కాకపోయినా నాలుగు. మిగతా రెండు శుక్రవారంలో కలుపుకోవచ్చు, డాక్టర్‌కు చెప్పాల్సిన పని లేదు. నేను అట్లా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. పన్నెండు దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఈడ కష్టమైతదట, మానుకోటకు తీస్కపొమ్మంటున్నరు. బండి దొరుకుత లేదు. నేను తీస్కపోతున్న." మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం.

గోరుచుట్టు మీద రోకటి పోటు. వద్దని ఎట్లా అంటాను. కానీ నిజం రాయాలంటే, వద్దు అనే మాట నా నాలుక దాకా వచ్చింది. ఒక ఆడపిల్ల నొప్పులు పడుతుంటే, ముందు తాళంచెవి తెచ్చి తర్వాత చూసుకోమని చెప్పాలనుకున్న మనిషిని నేను. బాపు నా ముఖం చూసి కనిపెట్టినట్టున్నాడు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపాడు.

"పిలగా, గతుకులల్ల మెల్లగ నడుపు" అన్నాడు. అంతే.

సాయంత్రం ఆరింటికి తమ్ముడు తాళంచెవితో వచ్చాడు. పక్కింటి అత్తకు మనుమరాలు పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. ఒక మాట అన్నా బాగుండేది.

రాత్రంతా నడుపుతానన్నాడు తమ్ముడు. బాపు వద్దన్నాడు. "మంచుల రాత్రి బండి నడుపద్దు. నడిపే గదా నేను అక్కడ వడ్డది." కాళ్ళ మీద పడ్డట్టు బతిమాలాను. నాలుగు ఆర్లలో ఒక ఆరు పోయింది. ఇంకో వారం నాకు సెలవు లేదు, ఇంకో నెల తమ్ముడికి కారు లేదు, బాపు ఒంటికి ఎన్ని నెలలున్నాయో ఎవరికీ తెలియదు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున అమ్మ సంచిని పక్కింటి నుంచి తెచ్చి నేరుగా కారులో పెట్టింది. గడప దాటిన సంచి పొలిమేర కూడా దాటాలట. "యాడికో కాడికి పోదాం, గంతే" అంది. తిరిగొచ్చేటప్పుడు నన్ను దింపినట్టూ ఉంటుందని భూపాలపల్లి వైపు పోయాం. బాపు ముందు సీట్లో కూచుని ఎదురొచ్చే లారీల నంబర్లు చదువుతున్నాడు. నేను వెనకాల, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం, ఆయనకు సీసా మూతతో నీళ్ళు కొలిచి ఇస్తున్నాను.

భూపాలపల్లి దాటాక ఒక ధాబా దగ్గర ఆపమన్నాడు. అక్కడ మధ్యప్రదేశ్ నంబరు లారీ ఒకటి ఆగి ఉంది. బాపు దిగి, తమ్ముడి భుజం పట్టుకుని నడిచి, ఆ డ్రైవర్‌తో తనకొచ్చిన హిందీలో, ఆమె ధాబా గుర్తులు చెబుతూ చాలాసేపు మాట్లాడాడు. వెనక్కి వచ్చి అమ్మను చీర అడిగాడు. పేపరులో చుట్టి, పైన తన ఫోన్ నంబరు రాయించాడు. నేను ఊరుకోలేక, ముక్కూ ముఖం తెలియనోడికి ఎట్లా ఇస్తావన్నాను.

"డ్రైవర్లల్ల గా నమ్మకం ఉన్నది. ఒకడిచ్చింది ఒకడు ముంచడు" అన్నాడు. లారీ పోయేదాకా చూశాడు. "అయిపాయె. మాట సగం తీరె" అన్నాడు. సగం మాట ఏం మాటని నేను మనసులోనే తిట్టుకున్నాను.

మాఘంలో డాక్టర్ డయాలసిస్‌ను వారానికి మూడు చేశాడు. మా పెద్ద సందు చిన్నదైంది. అందులో రెండు ఆర్లు పడితే ఎక్కువ. మేము రాసుకున్న కాగితం బాపు తలగడ కిందే ఉంది. దుప్పట్లు మార్చేటప్పుడు అమ్మ దాన్ని తీసి మళ్ళీ అక్కడే పెట్టేది.

ఆ తర్వాత ఒక ఆదివారం, నేను ఇంట్లో ఉండగానే, ఎవరో లారీ డ్రైవర్ ఫోన్ చేసి బైపాస్ దగ్గరికి రమ్మన్నాడు. తమ్ముడూ నేనూ పోయాం. ముందు ఇచ్చిన మనిషి కాదు, ఇంకొకతను. మా చీర, అదే మడతతో, అదే పేపరులో తిరిగొచ్చింది. దానితోపాటు సంచెడు బఠాణీలు. ఆమె చెప్పమన్నదంటూ అతను ఒక మాట చెప్పాడు. ఇంటికొచ్చి నేను అది బాపు ముందే, అమ్మకు చెప్పాను.

"చీర తీసుకుంటదట గానీ నీ చేతుల మీదనే తీసుకుంటదట. పదకొండు రోజులు జ్వరంల నీ పేరే తల్సిండట బాపు. గంతగనం తల్సినామె ఎట్లుంటదో సూడాల్నని రమ్మన్నదట, చీర కోసం కాదట."

బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ బఠాణీలు చాటలో పోసుకుని చాలాసేపు ఏరింది. ఏరడానికి వాటిలో ఏమీ లేదు. ఇరవై ఏళ్ళు తాను మోసిన అనుమానం ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు కూచుంది.

చివరికి బాపే అన్నాడు. "మీరు ముగ్గురు పోయి రాండ్రి. నన్ను దవాఖానకు పక్కింటోళ్ళు తీస్కపోతరు."

ఆ సాయంత్రమే అమ్మ, పంతులును అడగకుండా, పంచాంగం చూడకుండా, ఆ పాత సంచి తీసి దులిపింది. ఎర్రంచు చీర పెట్టింది, తనవి రెండు చీరలు పెట్టింది. ఫైలు ముట్టుకోలేదు. పక్కింటి అత్త మనుమరాలిని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి ముందే తన ఇంటి తాళంచెవి ఒకటి మాకిచ్చింది.

అమ్మ సంచి మూతి కట్టబోతుంటే మంచంలో నుంచి బాపు పిలిచాడు.

"నా అంగి గూడ ఒకటి వెయ్యి."

అమ్మ ఆయన వైపు చూడలేదు. దండెం మీది ఖాకీ అంగి తీసి మడతపెట్టి చీర మీద పెట్టి, సంచి కట్టింది. బాపు గోడ పట్టుకుని గడప దాకా నడిచి వచ్చాడు. సంచి పక్కింట్లోకి పోయేదాకా అక్కడే నిలబడి చూశాడు.