ఇత్తడి కడియం

మా పడవ తెరచాప నా మంచం కింద ఉండేది. కప్పీ, కొక్కెం, కడియం మా అన్న ఇంట్లో ఉండేవి. పడవ మా ఆయనకీ మా అన్నకీ పొత్తు. చాప లేకపోతే కప్పీ దండగ, కప్పీ లేకపోతే చాప లేవదు. అందుకని ఒకరికి తెలియకుండా ఒకరు వేటకు పోలేరు. పొత్తు పడవలన్నిటికీ మా ఊళ్ళో అదే ఆనవాయితీ. నమ్మకం ఉంటే ఇదంతా ఎందుకని పెళ్ళయిన కొత్తలో నేను నవ్వితే మా అత్త కసిరింది.

అరవైల చివరి మాట ఇది. కవిటి దిగువన మా ఒడ్డుకు అప్పటికింకా ఇంజను పడవ రాలేదు, గాలే దిక్కు. చాప కట్టిన వెదురును కడియానికి తగిలించి, నిలువు కొయ్య చివరనున్న కప్పీ మీదుగా తాడు లాగితే చాప పైకి లేచేది. బరువంతా ఆ కడియం మీదే. మాది ఇత్తడిది, మా నాన్న నాటిది. ఉప్పునీటికి తుప్పు పట్టదు, తాడును కోయదు.

ఒకరోజు మా ఆయన వేట నుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు.

"మీ అన్న ఇనప కడియం ఎట్టుకొచ్చినాడు. ఇత్తడిదేదంటే పోనాదంటన్నాడు. కప్పీ ఉంది, కొక్కెం ఉంది. అదొక్కటే పోనాదట. దొంగెదవ అలాగ ఏరుకుంతాడేటి?"

"అయితే మా అన్న దొంగా?"

"నానన్నానా? నువ్వే అంటన్నావు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. కోపం వచ్చింది గానీ, అనుమానం నాకూ పట్టుకుంది. అన్న నా కళ్ళలోకి చూడటం మానేశాడు. పలాసలో కొన్న ఆ ఇనప కడియం చూస్తుండగానే ఎర్రబడింది. అది పుటుక్కుమంటే వెదురు వచ్చి పడేది వాళ్ళిద్దరి నెత్తినే. ఒకడు తోడబుట్టినవాడు, ఒకడు తాళి కట్టినవాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకుందామని మా ఆయనతో చెప్పి బయల్దేరాను.

మా అన్న పసికొడుకును చూసే వంకతో వదిన దగ్గరికి వెళ్ళాను. అంతకుముందు పుట్టిన ఇద్దరూ ఆమెకు పురిట్లోనే పోయారు. ఉట్టి వైపు చూశాను, బియ్యం కుండలో చెయ్యి పెట్టాను, కొబ్బరి పీచు గుట్టను కాలితో కదిపాను. వదిన మాత్రం ఉయ్యాల దగ్గర నుంచి కదల్లేదు. ఊపుతానంటే వద్దంది. అక్కడే ఏదో ఉందనిపించింది నాకు.

పొయ్యి మీద గంజి పొంగి ఆమె అటు పరిగెత్తగానే చూశాను. దూలానికి వేలాడే తాడుకీ చీర ఉయ్యాలకీ మధ్య పాతగుడ్డ చుట్టి ఉంది. విప్పాను. పసుపు రాసిన మా కడియం.

వదిన వచ్చి నా చెయ్యి పట్టేసుకుంది. "అమ్మీ, సెప్పకు. ఎంత గాలొచ్చినా మీ నాన్నని ఒడ్డుకి తెచ్చినాది ఇది. నా గుంటణ్ణి కూడా సేజారనీదు. ఈడికి నడకొచ్చినదాకా ఉండనీ."

"మరి ఆళ్ళిద్దరి మాటేటి?"

"ఆళ్ళకి ఈతొచ్చు. ఈడికి రాదు."

ఒళ్ళు మండింది నాకు. కానీ ఉయ్యాల్లో వాడు కాళ్ళు ఆడిస్తున్నాడు. ఆ గుడ్డ మళ్ళీ నేనే చుట్టాను.

"ఏటైనా కనబడ్డాదా?" అన్నాడు మా ఆయన ఆ పూట వేట నుంచి రాగానే.

"నాకేటి కనబడతాది మావా?" అన్నాను.

అప్పట్నుంచి పడవ ఒడ్డెక్కేదాకా నాకు తిండి సయించేది కాదు. ఎక్కగానే ఆ ఇనుముకు తుప్పు గీకి కొబ్బరినూనె రాసేదాన్ని. "ఇనుము మీద అంత పేమేటి?" అనేవాడు మా ఆయన, ఓరగా చూస్తూ. నేను ఇంకాస్త నూనె రాసేదాన్ని.

పిల్లాడు నడిచాడు. గడప దాటిన రోజునే వదిన కడియం తెచ్చి మా ఆయన చేతిలో పెట్టింది. అతను పసుపు తుడిచి, పడవకు తగిలించడానికి లేచాడు. నేనే ఉండబట్టలేకపోయాను.

"ఎక్కడిదని అడగవేటి మావా?"

"నువ్వు ఎతకడానికెల్లిన నాడే మీ అన్న సెప్పీసినాడు, పడవలోన."

"మరి నాకు సెప్పలేదేటి?"

"నువ్వు సెప్తావేమోనని సూసినాను."

నన్ను తిట్టినా బాగుండేది. మర్నాడు వేట నుంచి వచ్చి చాప ఆరబెట్టి, మడిచి, లోపలికి తెచ్చాడు. నేను మంచం కింద ఊడ్చి చోటు చేశాను. అతను నన్ను దాటుకుని వెళ్ళి, చాపను మా అత్త మంచం కింద పెట్టాడు.