సందు అంటే ఏడికెల్లి ఏడిదాక?

ఎల్బీనగర్‌లో జంగయ్య కొలతకు తిరుగులేదు. ఆ మాట అందరికంటే ముందు ఆయనే చెబుతాడు. నల్లగొండ నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల కిటికీలకు ఇరవై ఏళ్లుగా గ్రిల్స్ బిగిస్తున్న మనిషి మరి! వనస్థలిపురంలోని ఓ చిన్న కంపెనీ ఇంజినీరు అమల యాంటెన్నా పలక చేసిపెట్టమంటే, "గిదెంత పని మేడం!" అనేశాడు.

పలక మీద వరసగా ఎనిమిది ఇత్తడి బిళ్లలు ఉండాలి. పలకను కదపకుండానే, ఆ బిళ్లలన్నీ కలిసి సిగ్నల్‌ను కోరిన పక్కకు తిప్పుతాయి. అమల తొందరలో ఫోన్లోనే కొలతలు చెప్పింది: "బిళ్ల వెడల్పు పది మిల్లీమీటర్లు, బిళ్లకీ బిళ్లకీ సందు పదిహేను."

పలకను పరీక్షించే రోజు జంగయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కంపెనీకి వెళ్లాడు. సిగ్నల్‌ను కుడికి తిప్పారు. తిరిగింది. కానీ కంప్యూటర్ తెర మీద కుడి పక్కన లేచిన సిగ్నల్ గీతతో పాటు, ఎడమ పక్కన కూడా దాదాపు అంతే ఎత్తున ఇంకోటి లేచింది.

"ఈ పలకలు బెంగళూరులో చేయించుకుందాం," అన్నాడు కంపెనీ యజమాని సాంబమూర్తి.

జంగయ్య జేబులోంచి స్కేలు తీశాడు. గ్రిల్స్ ఎవరైనా చేస్తారు, ఈ పని పోతే మళ్లీ రాదు. స్కేలును బిళ్లల నడుమ పెట్టాడు. "చూడున్రి సార్, పదిహేనంటే పదిహేనే."

స్కేలు పెట్టిన చోటు చూసి అమల తల పట్టుకుంది. "అంచు నుంచి అంచుకు కాదండీ! ఈ బిళ్ల మధ్య నుంచి ఆ బిళ్ల మధ్యకి. మీరు చేసింది ఇరవై ఐదు. అంత దూరమైతే సిగ్నల్ రెండో పక్కకీ పోతుంది."

"కిటికీకి సందంటే చువ్వల నడుమ ఖాళీయే గద మేడం, దొంగ చెయ్యి దూరేది గాడనే!" అన్నాడు జంగయ్య. సందన్న మాట తనది కాదని తోసేయొచ్చు. మనసొప్పలేదు. "అడగకపోవుడు నా తప్పు సార్. రేపు కొత్తది తెస్త. గప్పుడు గూడ ఎడమకు లేస్తే బెంగళూరుకే ఇయ్యున్రి."

మర్నాడు సిగ్నల్‌ను కుడికి తిప్పారు. అందరూ ఎడమకే చూశారు. అక్కడ చిన్న చిన్న అలలు తప్ప ఏమీ లేవలేదు. సాంబమూర్తి ఇంకో నాలుగు పలకలు చేయమన్నాడు.

మొన్న మీర్‌పేట్ నుంచి అండాలమ్మ వచ్చి, నాలుగు అంగుళాల సందుతో గ్రిల్ కావాలంది. జంగయ్య పెన్సిల్ తీశాడు.

"ఏడికెల్లి ఏడిదాక అమ్మా?"

ఆమె ఎగాదిగా చూసింది. "సందు గూడ తెల్వదా? షాపు కొత్తగ పెట్టినవా ఏంది?"

"పెట్టి ఇరవై ఏండ్లాయె," నవ్వాడు జంగయ్య. "సందు తెలిసింది మొన్ననే."