ఎవరిదీ కాని ఖాతా

మా సారు పోయారన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద మొదటి జవాబు పైకెత్తిన బొటనవేలి బొమ్మ. ఆ తర్వాత ఎవరో, "పైసలు కాల్చుకున్న సారేనా?" అని అడిగారు. అవును, ఆయనే.

అబిడ్స్‌లో బట్టల షాపు పైనున్న కోచింగ్ సెంటర్లో ఆయన మాకు బ్లాక్‌చైన్ చెప్పారు. నాంపల్లి నుంచి నడిచే వచ్చేవారు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా అటు తిరిగి బోర్డు తుడుస్తూ నిలబడేవారు. డిజిటల్ నాణేల లెక్కలు దాచే కంప్యూటర్ల నెట్‌వర్క్ అది. అందులో మనుషుల ఖాతాలే కాక, నెట్‌వర్క్ తన సొంత పనులకు పెట్టుకున్న ఖాతాలు కొన్ని ఉంటాయి. ఫీజులు పోగయ్యేది ఒకటి, కొత్త నాణేలు పుట్టించేది ఒకటి. ఇంకోటి కాల్చే ఖాతా. అందులో పడింది లోకమంతటికీ కనిపిస్తుంది, ఎవరూ తీయలేరు. "దానికి తాళంచెవి లేదు. గా ఖాతా ఎవ్వరిది కాదు, గందుకే దానికి జాలి గూడ ఉండదు," అనేవారు.

క్లాసు అయిపోయాక మిగిలిన ప్రాక్టీసు నాణేలన్నీ ఆ కాల్చే ఖాతాలోకి పంపేయడం ఆయన పద్ధతి. తర్వాతి బ్యాచికి అంతా ఖాళీగా ఉండాలని. మాతో మాట్లాడుతూనే, తెర వైపు చూడకుండా చేసేవారు. ఒకరోజు అక్కడ తెరిచి ఉన్నది ఆయన సొంత ఖాతా. భార్య కంటి ఆపరేషన్‌కు కూడబెట్టిందంతా నాణేలుగా అందులోనే ఉంది. మర్నాడు అమ్మి దవాఖానలో కట్టాలి. క్లాసు అయిపోయింది, చెయ్యి అలవాటు ప్రకారం తన పని చేసేసింది.

సెంటర్ యజమాని ఆయన్ని తీసేయలేదు. అంతకంటే తెలివైనవాడు. కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా మొదటిరోజు ఆ లావాదేవీనే తెర మీద చూపించమన్నాడు. "మీ అంత మంచిగ ఎవరు చెప్తరు సార్," అన్నాడు. జీతం కావాలి గనుక సారు చెప్పారు. "చూడున్రి, గిది నాదే," అని వేలితో చూపించేవారు. పిల్లలు నవ్వి ఫోటోలు తీసుకునేవారు. అడ్మిషన్లు పెరిగాయి. ఇంట్లో ఆమెకు చూపు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. ఆ యజమాని మీద నాకు ఇప్పటికీ కసి.

నేను తింటున్న తిండి సారు చెప్పిన చదువుదే. ఈరోజుకీ నాణేలు పంపేముందు ఖాతా అడ్రసు పైకి చదువుకుంటాను. ఆయన కాల్చుకుంటే నాకు అబ్బిన జాగ్రత్త అది.

మొన్న నాంపల్లిలో వాళ్ళింటికి వెళ్ళాను. సారు భార్య నా గొంతు విని గుర్తుపట్టి కూర్చోమన్నారు. డబ్బు పోయిందని సారు ఆమెకు ఎన్నడూ చెప్పలేదట. గాడ భద్రంగ ఉన్నయి, జర టైం పడతది అనేవారట.

"సార్ పోయిండు గద బిడ్డా, ఇగ గా పైసలు నా పేరు మీదికి మారుస్తరు గద. బ్యాంకుల గట్లనే చేసిన్రు," అంటూ దిండు కింద తడిమి డెత్ సర్టిఫికెట్ తీసి నా వైపు చాచారు. "గా ఆఫీసు యాడుంది? గన్‌ఫౌండ్రీ దిక్కేనా?"

కాగితం అందుకున్నాను.

"ఎన్ని జిరాక్సులు అడుగుతరు?"

"ఒకటి చాలమ్మా," అన్నాను.

"రెండు తీపియ్యి బిడ్డా. ఒకటి యాడన్న పోతే ఇంకోటుంటది."