చుక్క మిగలకుండా

నిన్న కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో కుళాయి తిప్పగానే గాలి బుసకొట్టింది. వెనకే నిలవ నీటి నాచు వాసన. సైదులన్న గుర్తొచ్చాడు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను సంచార వైద్యశాలలో నర్సుగా చేరాను. అమ్రాబాద్ పైన అడవిలోని పెంటలకు, అంటే చిన్న గూడేలకు, తిరిగే బండి అది. దాని డ్రైవరు సైదులన్న, అంతకుముందు మేళ్లచెరువు వైపు సిమెంటు లారీలు తోలినవాడు. వానలు ముదిరితే దారులు మూసుకుపోయి బండి రెండు నెలలు షెడ్డులో ఉండేది. నిలిపే రోజున ఆయన బండిలోని నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, కుళాయిలన్నీ విప్పి, టైర్లకు గాలి కొట్టే పంపుతో పైపుల్లో చుక్క మిగలకుండా ఊదేసేవాడు.

"చాలన్నా, వాన వస్తాంది" అని తొందరపెడితే, "గీ నీళ్లతోనే గదా బిడ్డా పుండ్లు కడిగేది. జర ఆగు" అనేవాడు.

మూడో ఏడు ఆ సమయానికి ఆయన కాలు విరిగి దవాఖానలో పడ్డాడు. పని నాకు అప్పగించాడు. నేను ట్యాంకు ఒక్కటే ఖాళీ చేసి ఊరికి బస్సెక్కాను.

"పైపులల్ల నీళ్లు సుత తీసినవా?" అని ఫోనులో అడిగాడు.

"తీసిన" అన్నాను.

వానలు వెలిశాక మొదటి పెంటలోనే, గొడ్డలి దెబ్బకు పాదం చీలిన ఒకామె వచ్చింది. ఆ పొద్దున్నే ట్యాంకులో కొత్త నీళ్లు నింపాం. కుళాయి తిప్పితే నల్లటి జిగురు పడింది. తర్వాత వచ్చిన నీళ్లూ కంపే. కాలు కుదిరి మళ్లీ బండి తోలుతున్న సైదులన్న నా ముఖం చూశాడు. తాగే నీళ్ల క్యాను దించి, రాళ్ల పొయ్యి మీద మరిగించాడు. అవి చల్లారేదాకా నేను ఆమె పాదాన్ని గుడ్డతో అదిమిపట్టి కూర్చున్నాను. ఆమె పళ్లు బిగించింది గానీ ఒక్కసారీ అరవలేదు. అరిస్తే నాకు కొంత తేలికయ్యేది. గాయం కడిగి కట్టుకట్టి, కుట్ల కోసం అదే బండిలో ఆసుపత్రికి చేర్చాం. కాలు దక్కింది.

తిరుగుదారిలో "అబద్ధం చెప్పినన్నా" అన్నాను.

"నాకు చెప్తే ఏమాయె బిడ్డా? ఆమె గంటసేపు నొప్పితోని కూసున్నది సూడు, గది మర్వకు. కానిది కాలేదని చెప్పు. కుంటుకుంటనన్న వస్తుంటి."

మర్నాడు ఇద్దరం పైపులన్నీ విప్పి బ్లీచింగు నీళ్లతో మూడుసార్లు కడిగాం. మరుసటేటి నుంచి ఆ పని పట్టుబట్టి నేనే చేశాను. చివర్న ఆయన కుళాయి కింద అరచెయ్యి పెట్టేవాడు. తడి తగిలితే తల అడ్డంగా ఊపేవాడు. మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

సైదులన్న పోయి మూడేళ్లయింది. నేనిప్పుడు ఒక ఆసుపత్రిలో వార్డు చూసుకుంటున్నాను. "అయిందా సిస్టర్?" అని పైవాళ్లు తొందరపెడతారు. పని కాకపోతే "కాలేదు సార్" అంటాను. ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ అనుకుని, మళ్లీ పనిమీదికి వంగుతాను.