అరవై మూడు సెంటీమీటర్ల మా పెదనాన్న

మా పెదనాన్నకు మనుషుల పేర్లు గుర్తుండవు, తలల కొలతలు గుర్తుంటాయి. "ఇందాక యాభై ఏడు వచ్చి ఉత్తరం ఇచ్చి వెళ్లాడు" అంటే పోస్ట్‌మ్యాన్ వచ్చాడని అర్థం. "అరవై ఒకటికి ఒంట్లో బాగాలేదట" అంటే ఎదురింటి పళ్ల డాక్టరు మంచమెక్కాడని. పెద్దమ్మను మాత్రం "ఏమేవ్" అనే పిలుస్తాడు. ఆవిడ తల యాభై అయిదున్నర. అర వదిలేసి పిలిస్తే తప్పట, కలిపి పిలిస్తే పొడుగట.

ఆయన తల అరవై మూడు. అంత తల మా వీధిలో ఇంకొకటి లేదు.

కిటికీలు చేసే కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లు కొలతలు తీశాడు. ఆయన కొలిచాక కోసిన అద్దం ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. రిటైరయ్యాక కొలవడానికి కిటికీలు కరువయ్యాయి. తలలకు మాత్రం ఏ ఊళ్లోనూ కరువుండదు కదా! జేబులో గుడ్డ టేపు పెట్టుకుని బయల్దేరాడు.

బావ, అంటే పెదనాన్న అల్లుడు, మొదటిసారి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఉద్యోగమేమిటని ఎవరూ అడగకముందే పెదనాన్న లేచి నిలబడి "కాస్త తల వంచండి" అన్నాడు. ఆశీర్వదిస్తారనుకుని బావ భక్తిగా వంగాడు. తల చుట్టూ టేపు పడింది.

"యాభై తొమ్మిది. చాలు" అన్నాడు పెదనాన్న.

"ఏం చాలండీ?" అన్నాడు బావ, వంగే ఉండి.

దానికి జవాబు ఇంతవరకూ రాలేదు.

తలలు కొలిచేవాడు టోపీలమీద పడటంలో వింతేముంది? ఫోనులో వేలం వేసే పాత టోపీలు కొనడం మొదలుపెట్టాడు. ఎవరి తాతలవో, ఎన్నేళ్లు అటకలమీద పడున్నవో, అలాంటివే కావాలి. కొత్తవి ముట్టుకోడు. "కొత్త టోపీకి ఏం తెలుసే? పాతది ఒక తలతో కాపురం చేసొచ్చింది. సర్దుకుపోవడం తెలుసు" అంటాడు.

వేలం ముగిసే ఆఖరి నిమిషంలో మా ఇంట్లో ఎవరూ కదలకూడదు. మిక్సీ ఆపాలి. దగ్గు వస్తే వీధిలోకి వెళ్లి దగ్గాలి. ఆయన వేలు ఫోనుకు వెంట్రుకవాసి ఎత్తులో ఆగి ఉంటుంది. పది సెకన్లు ఉందనగా పాట పెంచి, కుర్చీలో వెనక్కి వాలి, "వచ్చేసింది" అంటాడు. పది రోజులకు టోపీ కూడా వస్తుంది. తలకు పట్టదు.

ఒక్కటీ పట్టదు! ఆరేళ్లలో ముప్పై ఎనిమిది టోపీలు వస్తే ముప్పై ఎనిమిదీ చిన్నవే. గుమ్మడికాయమీద గిన్నె బోర్లించినట్టు నెత్తిన పెట్టుకుని అద్దం ముందు నిలబడతాడు.

"మళ్లీ పెట్టారా మీకు టోపీ?" అంటుంది పెద్దమ్మ. ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"పాతది కదే. ముడుచుకుపోయి ఉంటుంది."

"ముప్పై ఎనిమిదీ ముడుచుకుపోయాయా?"

"రోజులలా ఉన్నాయి మరి."

నేను ఎనిమిదో తరగతితో చదువు మానేసి వాళ్లింటికి వచ్చినప్పటినుంచీ టోపీలకు ఆవిరి పట్టే పని నాదే. కెటిల్ మూతి దగ్గర టోపీ పట్టుకుంటే ఉన్ని మెత్తబడుతుంది, అప్పుడు కాస్త సాగదీయొచ్చు. "వెనకవైపు కొంచెం ఎత్తు రానీ" అన్నాడు ఒకసారి. మీ తల వెనక ఎత్తు లేదు కదా పెదనాన్నా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మర్నాడు ఆ టోపీ పళ్ల డాక్టరు నెత్తిన చూశాను. ఆయనకు వెనకవైపు ఎత్తే.

ఇచ్చేటప్పుడు పెదనాన్న ఎవరికైనా ఒకటే పాఠం చెబుతాడు. "కొలత తప్పొచ్చింది. వెనక్కి పంపాలంటే పెద్ద తలనొప్పి. మీకేమైనా పడుతుందేమో చూడండి, పట్టకపోతే మూల పడేయండి." వాళ్లు పెట్టుకునేవారు. చేసి పెట్టినట్టు సరిపోయేది. వాళ్లు ఆశ్చర్యపోయేవారు. పెదనాన్న వాళ్లకంటే ఎక్కువ ఆశ్చర్యపోయేవాడు.

ముప్పై తొమ్మిదో టోపీ వచ్చినప్పుడు బావ ఇంట్లో ఉన్నాడు, వారం రోజుల సెలవుమీద. వెడల్పు అంచు, బూడిదరంగు, యాభై నాలుగు. పెదనాన్న నెత్తిన అది మూతలా కూర్చుంది. బావ ముందునుంచొకటి, పక్కనుంచొకటి ఫోటో తీశాడు.

"ఎందుకండీ అల్లుడుగారూ?"

"ఊరికే మామయ్యా. జ్ఞాపకానికి."

ఆ జ్ఞాపకాన్ని నేరుగా వేలం కంపెనీకి పంపి, అమ్మకంలో ఏ కొలత రాసుందో చూడకుండానే, అమ్మినవాళ్లు కొలత అబద్ధం రాశారని ఫిర్యాదు పెట్టాడు. పెదనాన్నకు చెప్పలేదు. పెదనాన్న కూడా ఆయనకు చెప్పకుండా ఆ సాయంత్రమే టోపీ తీసుకెళ్లి స్కూలు దగ్గర ఆగత్తకు ఇచ్చేశాడు.

ఆగత్త అంటే, 'ఆగు' అని రాసిన బోర్డు పట్టుకుని పిల్లలను రోడ్డు దాటించే ఆవిడ. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడుతుంది. పిల్లల తల్లిదండ్రులు కలిసి గొడుగు కొనిస్తే తిరిగిచ్చేసింది. "ఒక చేతిలో బోర్డు, ఒక చేతిలో పిల్ల. గొడుగు నెత్తిమీద నాటుకోనా? అయినా నాకు ఎవరిదీ ఊరికే వద్దు" అంది. అలాంటి మనిషి పెదనాన్న పాఠం విని, "మూల పడేసేదైతే ఇటివ్వండి" అని పుచ్చుకుంది.

మూడో రోజు కంపెనీనుంచి బావకు జవాబు వచ్చింది. సాయంత్రం ఆరులోగా టోపీ తిప్పి పంపుతామని ఒప్పుకుంటే డబ్బు వాపసు. బావ టోపీని వెతుక్కుంటూ వెళ్లాడు. ఎక్కడుందో పోస్ట్‌మ్యాన్ చెప్పాడు. "స్కూలు వదిలాక నేనే తెచ్చిస్తాలెండి" అందట ఆగత్త. బావ గెలిచిన ముఖంతో ఇంటికొచ్చేసరికి, పెదనాన్న తన ఫోను ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మినావిడ రాసింది.

"అయ్యా, మా ఆయన పోయాక ఆయన టోపీలు పన్నెండు మిగిలాయి. మొదటిది మీరే కొన్నారు. లోపల మూడుసార్లు కొలిచే రాశాను. ఆయనది చిన్న తల. పెళ్లినాడే నవ్వాను. ఇప్పుడు కొలతలు అబద్ధమని నా పేరు పక్కన ఎర్రగుర్తు పెట్టి, మిగతా పదకొండూ వేలం నుంచి తీసేశారు. ఆరు దాటితే ఇక పెట్టనివ్వరట."

"అల్లుడుగారూ, ఆ ఫిర్యాదు తీసేయండి" అన్నాడు పెదనాన్న.

"మోసపోయి మీరు జాలిపడతారేంటి మామయ్యా!"

"ఆవిడ రాసిన కొలత సరైనదే."

"సరైనదైతే మీరెందుకు కొన్నారు? మీ తల అరవై మూడు!"

పెదనాన్న కిటికీవైపు చూశాడు. బావ సాక్ష్యం కోసం ఫోనందుకుని, పాత సందేశాలు తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"'అమ్మా, లోపలి తోలు పట్టీ దగ్గర కచ్చితంగా యాభై నాలుగేనా? ఏమాత్రం పెద్దదైనా నాకు వద్దు.'" బావ గొంతు కొంచెం తగ్గింది. ఇంకా వెనక్కి వెళ్లాడు. "'అయ్యా, అరవై ఒకటే కదా? అరవై మూడైతే ఇప్పుడే చెప్పండి, మానేస్తాను.'" ఇంకా వెనక్కి వెళ్లాడు. ఎవరో మంచివాడు తన దగ్గర అరవై మూడు కూడా ఉంది, కావాలా అని అడిగాడు. దానికి పెదనాన్న జవాబు: "'వద్దండీ. ఇంట్లో అనుమానం వస్తుంది.'"

పెద్దమ్మ గరిటెతోనే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"పోస్ట్‌మ్యాన్‌ది?"

"యాభై ఏడుకే కొన్నాను."

"డాక్టరుది?"

"అరవై ఒకటి. ఊరికే ఇస్తే ఎవరు తీసుకుంటారే?"

"మరి నాకు చెబితే ఏం? ఆరేళ్లు నాచేత తిట్లు తిన్నారు!"

"నువ్వు నిజంగా తిట్టకపోతే వాళ్లు నమ్మరు. నీ గొంతు వీధంతా వినబడుతుంది. పాపం ఈయనకు తెలివిలేదు, ఈ టోపీ తీసుకుంటే ఇంట్లో గొడవన్నా తగ్గుతుంది అని తీసుకుంటారు."

బావ కుర్చీ అంచున కూర్చుని "కొలత సరైనదే. పొరపాటు కొన్నవారిది" అని రాసి పంపాడు. అయిదుంబావుకు ఎర్రగుర్తు పోయింది. పదకొండు టోపీలు ఒక్కొక్కటే వేలంలోకి తిరిగొచ్చాయి. అప్పుడు తలుపు తట్టారు.

"అయ్యో, టోపీ అడిగింది నేనే" అన్నాడు బావ.

ఆగత్త టోపీని కాగితంలో చుట్టి తెచ్చింది. "ఇదిగోండి. పంపేస్తే డబ్బులొస్తాయట కదా. ముందే చెప్తే పెట్టుకునేదాన్నే కాదు."

"ఇక అవసరం... లేదండీ" అన్నాడు బావ.

"పొద్దున కావాలన్నారు, ఇప్పుడు వద్దంటున్నారు." ఆవిడ అందరి ముఖాలూ చూసింది. "ఇదేదో నాకోసమే కొన్నట్టుందే. అలాంటిదైతే నాకొద్దు."

పెదనాన్న నోరు తెరిచాడు. టోపీ బల్లమీదకు దిగుతోంది.

"నీకోసమా!" పెద్దమ్మ గరిటె ఎత్తింది. "ఈయనకు అంత తెలివుంటే నేనిలా ఎందుకుంటాను? ఆరేళ్లనుంచి చూస్తున్నాను తల్లీ, ముప్పై తొమ్మిది టోపీలు, ఒక్కటి పడితే ఒట్టు! కొలవడం చేతకాదు, చేతకాదని ఒప్పుకోవడమూ చేతకాదు. ఆ కంపెనీవాళ్లు కూడా తప్పు ఈయనదేనని తేల్చేశారు. దాన్ని నా కళ్ల ముందునుంచి తీసుకుపో, నీకు పుణ్యముంటుంది!"

వీధిలో ఒకరిద్దరు ఆగి చూశారు. పెదనాన్న తల వంచుకున్నాడు. ఆరేళ్లలో ఆయన ముఖం అంత వెలగడం నేను చూడలేదు.

ఆగత్త మనసు కరిగింది. "పోనీలెండమ్మా, పెద్దాయన. అంతలేసి మాటలనకండి." టోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి, నుదుటిమీద నీడ పడింది. తర్వాత పెదనాన్న జేబులోంచి టేపు లాగింది. "ఇటు చూడండి పెద్దాయనా. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. కనుబొమలకు వేలెడు పైన పెట్టాలి. చెవుల మీదుగా వెనక్కి తీసుకెళ్లాలి. బిగించకూడదు, వదలకూడదు. తెలిసిందా?"

"ఓహో, చెవుల మీదుగానా?" అన్నాడు ముప్పై నాలుగేళ్లు కిటికీలు కొలిచిన మా పెదనాన్న.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది పెద్దమ్మ. "ఆయనకు ఒకసారికి ఎక్కదు."